బాలమణికి చావంటే రోత

చావంటే బాలమణికి రోత. భయం కాదు, రోతే. ఎవరైనా శవం పక్కన కూర్చుని "ప్రశాంతంగా పోయాడమ్మా, నిద్రపోతున్నట్టే ఉన్నాడు" అంటే, పాచిపోయిన కూరగిన్నె మూత తీసినట్టు ముఖం పెట్టేది. నిద్రపోయేవాడి గోళ్లు నల్లబడతాయా? నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుందా? కింద పరుపు తడుస్తుందా? మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా క్రైస్తవుల వాడల్లో ఎవరు పోయినా ఒళ్లు కడగడానికి పిలిచేది ఆమెనే. చావు ముఖం ఎట్లా ఉంటుందో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

పెళ్లై వచ్చిన కొత్తలో అత్త వెంట నీళ్లు మోయడానికి వెళ్లి నేర్చుకున్న పని అది. పగలు కండ్లకోయలో ఒక ఇంజనీరింగు కాలేజీ గదులు ఊడ్చేది. ఎవరైనా పోయారని కబురొస్తే చీపురు పక్కన పడేసి, షేర్ ఆటో ఎక్కి వచ్చేసేది. గోరువెచ్చని నీళ్లు, సబ్బు, పాత నూలుగుడ్డలు, దూది ఉంటే చాలు. ముందు ముఖం, తర్వాత చేతులు, వేళ్ల సందులు, ఆఖరుకు పాదాలు. దవడ జారకుండా గుడ్డపట్టీ, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి ఒక దారం. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆమె, మగవాళ్లకు మగవాళ్లు. అది పద్ధతి. కానీ ముసలివాడు మంచంలోనే కుళ్లిపోయి పోయాడనుకోండి, మగమహారాజులంతా ముక్కులు మూసుకుని వీధి చివర బీడీలు కాల్చుకుంటూ నిలబడేవాళ్లు. అప్పుడు మళ్లీ బాలమణే.

కడిగేటప్పుడు ఊరుకునేది కాదు, శవంతో మాట్లాడేది, తిట్టేది కూడా. "చెయ్యి ఇటియ్యి పెద్దమ్మా, గంత బిగవడ్తవేంది? నేనేమన్న కొత్తదాన్నా?" అనేది. బతికున్నవాళ్లకు నవ్వొచ్చేది, కొందరికి ఒళ్లు మండేది. "మట్టిలకు పోయే ఒంటికి గంత తోముడెందుకే బాలమణీ?" అని ఎవరైనా అంటే మాత్రం కస్సున లేచేది. "లేపేటోడు ఆఖరి దినాన వచ్చి దేన్ని లేపుతడు? గాలిని లేపుతడా? గీ ఒంటినే గదా?" అని మళ్లీ వేళ్ల సందుల్లో గుడ్డ పెట్టి రుద్దేది.

ఈ మాట ఆమె సొంతం కాదు. పాత గుడిలో ఉపదేశి తాత అని ఒకాయన ఉండేవాడు. పాస్టరు నెలకోసారి వస్తే, మిగతా రోజులన్నీ ఆ తాతదే గుడి. పొలం పనులు ముగిసి, ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని గుడి అరుగు మీద కూర్చున్నాక, చదువు రానివాళ్లకు కథలాగా చెప్పేవాడు. ఒకసారి బాలమణి, అప్పటికి కొత్త కోడలు, అడిగింది: "యేసు లేచినంకనే గదా తాతా, సచ్చినోళ్లు లేస్తరని మనుషులకు ఎరుకైంది?"

"తప్పు బిడ్డా," అన్నాడాయన. "లాజరు సచ్చిపోతె ఆయన అక్క మార్త ఏమన్నది? ఆఖరి దినాన నా తోడవుట్టినోడు లేస్తడని నాకెరుకే అన్నది. అప్పటికి యేసు సిలువే ఎక్కలే. మరి ఆమెకెవరు చెప్పిన్రు? ఆమె నాయిన చెప్పిండు, ఆయన నాయిన ఆయనకు చెప్పిండు. యూదుల ఇండ్లల్ల పుట్టిన మాట అది. మనకు ఆ ఇండ్లకెల్లే వచ్చింది."

"మరి వాళ్లకేడ దొరికింది?"

"ఏడ్సి ఏడ్సి దొరికింది. వాళ్ల దేశం పోయింది, గుడి కాలిపోయింది. మా ఎముకలు ఎండిపోయినయి, మా ఆశ పోయింది అన్నరు. అప్పుడు దేవుడు ప్రవక్తకు ఎముకలు నిండిన లోయ చూపిచ్చి, గివి బతుకుతయా అని అడిగిండు. ఇంకా తర్వాత ఒక రాజు వచ్చిండు. ధర్మశాస్త్రం ఇడువం అన్నోళ్లను నరికిండు. ఇడిసినోళ్లు సుఖంగ బతికిన్రు, పట్టుకున్నోళ్లు ముక్కలైన్రు. దేవుడు న్యాయమైనోడైతె గిదేంది మరి? తల్లులు ఊకుంటరా? నీ కొడుకు ఆత్మ నా దగ్గర సల్లగున్నది అంటె తల్లికి సాలుతదా? వాని కాళ్లు నరికిన్రు, చేతులు నరికిన్రు. గా కాళ్లు, గా చేతులే నాకు మళ్ల కావాలె అన్నరు. మట్టిల పండుకున్నోళ్లు లేస్తరని దానియేలు నోట దేవుడు చెప్పిచ్చిండు. గట్ల దేవుణ్ణి పట్టుకొని అడుగుడే పునరుత్థానం. యేసు లేచుడు ఏందంటవ్? ఆ తల్లులకు వచ్చిన మొదటి జవాబు."

బాలమణికి ఆ రోజు సగమే అర్థమైంది. ఆ సగంతోనే బతికేసింది. ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు అందరూ గొణుక్కుంటూ పోతుంటే, "శరీర పునరుత్థానమును" అనే చోట ఆమె గొంతు ఒక్కటే పైకి లేచేది. పక్కవాళ్లు మోచేత్తో పొడిచేవాళ్లు.

ఉపదేశి తాత పోయాడు. పాత గుడి కూలలేదు గానీ ఖాళీ అయింది. హైవే పక్కన, ఫంక్షన్ హాలు వెనకాల, రేకుల షెడ్డులో కొత్త మందిరం వెలిసింది. నడిపేవాడు శ్రవణ్. చిన్నప్పుడు బాలమణి గడపలో ముక్కు కార్చుకుంటూ ఆడుకున్న పిల్లవాడే. ఇప్పుడు పాస్టర్ శ్రవణ్ గారు. గోడంత తెర, డ్రమ్ములు, పొగ వదిలే యంత్రం! దేవుని మందిరంలో పొగ యంత్రం ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. విశ్వాస ప్రమాణం ఎత్తేశారు, "పాత సంప్రదాయం, యువతకు విసుగు" అని. మట్టి కార్యక్రమం ఉంటే ఏడవకూడదు. తెల్లబట్టలు వేసుకోవాలి, కీబోర్డు పెట్టి పాటలు పాడాలి, ఫోన్లలో లైవు పెట్టాలి. "శరీరం పాత చొక్కా! విప్పి పారేసి వెళ్లిపోయాడు!" అని శ్రవణ్ కేకవేస్తే అందరూ చప్పట్లు కొట్టాలి. చావింట్లో చప్పట్లు! బాలమణి చేతులు కొంగులో దాచుకునేది.

ఇంతలో ఆయనగారు యెరూషలేము యాత్ర వెళ్లొచ్చారు. వచ్చినప్పటి నుంచి భుజం మీద యూదులు ప్రార్థనకు కప్పుకునే నీలం గీతల శాలువా, చేతిలో వాళ్లు ఊదే పొట్టేలు కొమ్ము. ఆరాధన మొదలయ్యే ముందు దాన్ని బుగ్గలు పగిలేట్టు ఊది, "మన యూదు వేర్లకు తిరిగి వెళ్దాం!" అంటాడు. శాలువా తెచ్చుకున్నాడు, కొమ్ము తెచ్చుకున్నాడు. వాటి వెనక ఉన్న తల్లుల ఏడుపు మాత్రం ఆయనకు బరువైంది కాబోలు, అక్కడే వదిలేసి వచ్చాడు. ఇదంతా బాలమణికి రోతే. అయినా పోయేది. కొడుకు రాకేష్, కోడలు రక్షిత అక్కడికే వెళ్తారు. ఒక్కగానొక్క కొడుకు పక్కన కూర్చోవడానికి ఆమె ఆ పొగను కూడా భరించేది.

రాకేష్ షామీర్‌పేట అవతల ఒక రసాయనాల ఫ్యాక్టరీలో, పచ్చరంగు వేసిన ఇనుప ట్యాంకుల్లోకి దిగి కడిగే పని చేసేవాడు. ఆ ఫ్యాక్టరీకి కూలీలను పంపేది జనార్ధన్. ఒకప్పుడు ఆ నేలంతా వాళ్లదే, అమ్మేశాడు. అమ్మిన నేల మీదికే మనుషులను పంపుతూ ఇప్పుడు ఇంకా పెద్ద పటేలయ్యాడు. ఊళ్లో జెండా ఎవరిదైనా ఫ్లెక్సీలో ఆయన ముఖం తప్పదు. కొత్త మందిరానికి రేకులు ఎవరు వేయించారో కూడా అందరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున అన్నం డబ్బా పట్టుకుని పోయిన రాకేష్ సాయంత్రానికి రాలేదు. చీకటి పడకముందే గడపలో జనార్ధన్ నిలబడ్డాడు, వెనక శాలువాతో శ్రవణ్.

"బాలమణీ, జర మనసు గట్టి చేస్కో," అన్నాడు జనార్ధన్. "పిలగానికి గుండెపోటు వచ్చింది. మన తెలిసిన నర్సింగ్ హోంకు తీస్కపోయినం. దక్కలే."

రక్షిత అక్కడికక్కడే కూలబడింది. బాలమణి మాత్రం నిలబడే ఉంది. చావు కబురు ఎట్లా చెప్తారో ఆమెకు బాగా తెలుసు. చెప్పేవాడి కళ్లు ఎక్కడున్నాయో చూసింది. జనార్ధన్ కళ్లు వాకిట్లో ఉన్న నీళ్ల డ్రమ్ము మీద ఉన్నాయి.

"నా కొడుకు గుండెకు ఏం రోగం లేదు పటేలా. ఏడున్నడు? ఇంటికి తోలియ్యున్రి. కడుగుకుంట."

"గా పరేషాన్ నీకెందుకు? అంతా మేమే చేసినం. పెట్టె తెప్పిచ్చిన, మంచి పెట్టె, ఇత్తడి కడ్డీలది. తెల్లగుడ్డ చుట్టిచ్చి ప్యాక్ చేపిచ్చిన. రేపు పొద్దుగాల సీద మట్టి కాడికే వస్తది. ఎండకాలం, ఇల్లూ వాకిలీ తిప్పితె వాసనొస్తది. ముఖం గూడ సూసెటట్టు లేదు."

గుండెపోటు వచ్చినవాడి ముఖం చూసేట్టు ఎందుకుండదు? ఆ ప్రశ్న బాలమణి నోటిదాకా వచ్చింది. అంతలో శ్రవణ్ ముందుకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అత్తరు వాసన గుప్పుమంది.

"అమ్మా, అది రాకేష్ కాదమ్మా. రాకేష్ ఈపాటికి మహిమలో ఉన్నాడు. అక్కడ పడి ఉన్నది పాత చొక్కా. దాన్ని చూసి ఏం చేస్తావు? నిరీక్షణ లేనివాళ్లలాగా ఏడవకూడదమ్మా. రేపు అందరం తెల్లబట్టల్లో సంతోషంగా సాగనంపుదాం."

ఆశ లేనోళ్ల లెక్క ఏడ్వద్దు అన్నరు గానీ అసలుకే ఏడ్వద్దని ఎవరన్నరు రా, అనాలనిపించింది. కానీ అది ఆ క్షణాన నోటికి రాలేదు. అట్లాంటి మాటలు వాళ్లు వెళ్లిపోయాకే వస్తాయి.

వెళ్లబోతూ జనార్ధన్ రక్షిత వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వేం ఫికర్ పడకు బిడ్డా. చదువుకున్నదానివి. కంపెనీ ఆఫీసుల నీకు నౌకరి నేనిప్పిస్త, పర్మనెంటు. జల్దీ మట్టి అయిపోతె, సోమవారమే పెద్ద సారుతోని మాట్లాడుత. లొల్లి అయితె మాత్రం నా చేతుల లేదు."

కోడలి ఒళ్లో చంటిపిల్ల ఉంది. నౌకరి అన్న మాట విన్నాక రక్షిత ఏడుపు కూడా ఆగిపోయి, చూపు నేలకు అతుక్కుపోవడం బాలమణి చూసింది. సరే అన్నట్టు తల ఊపింది. వాళ్లు కారెక్కి వెళ్లిపోయాక తన మీద తనకే రోత పుట్టింది. ఊళ్లో ఎవరెవరి శవాలో, కుళ్లినవీ కాలినవీ, ముఖం తిప్పకుండా కడిగిన చేతులు. కన్నకొడుకు వంతు వచ్చేసరికి ఒళ్లో ముడుచుకుని కూర్చున్నాయి.

తెల్లవారి ఇంటి ముందర తెల్లబట్టలవాళ్లు గుమికూడారు. ఒకామె బాలమణికి కూడా ఇస్త్రీ చేసిన తెల్లచీర తెచ్చింది, "ఇది కట్టుకోండి ఆంటీ, వీడియోలో బాగుంటుంది" అంటూ. బాలమణి ఆమె ముఖంలోకి చూసింది. లోపలికి పోయి, పని చేసేటప్పుడు కట్టుకునే పాత ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. పొయ్యి మీద నీళ్లు కాచి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పోసింది. బకెట్టు, సబ్బు, గుడ్డలు, దూది సర్దుకుంది.

రక్షిత చూసింది. "అత్తమ్మా, వద్దు. పెట్టెకు మేకులు కొట్టిన్రట. జనార్ధన్ సార్ కోపం చేస్తడు."

"కోపం చెయ్యనీ. నువ్వు అడ్డం రాకు, అట్లని నా దిక్కు నిలవడమని గూడ అంటలేను. నౌకరి నీది. కొడుకు నావోడు. వాన్ని మురికితోని మట్టిల పెట్టను."

ఆటో మాట్లాడుకుని ఇంటి ముందరివాళ్లందరికంటే ముందే సమాధుల తోటకు చేరింది. తోట అంటే పెద్ద తోటేం కాదు. షామీర్‌పేట వైపు వెళ్లే దారిలో రెండు వెంచర్ల ప్రహరీల మధ్య ఇరుక్కున్న ముక్క. ఒక పక్క గోడ మీద ఈత కొలను బొమ్మ, నవ్వుతున్న దంపతుల బొమ్మ. గుంత అప్పటికే తవ్వి ఉంది. మందిరం కుర్రాళ్లు కీబోర్డు పెట్టేశారు, స్పీకర్లకు తీగలు బిగిస్తున్నారు.

తెల్లబట్టలవాళ్లు, చంటిదానితో రక్షిత, జనార్ధన్, శ్రవణ్ అందరూ చేరాక అంబులెన్సు వచ్చింది. నడిపేది కుతుబుద్దీన్, పక్క బస్తీవాడు. రాకేష్‌తో కలిసి క్రికెట్ ఆడి పెరిగినవాడు, బస్తీ అంతా పిలిచినట్టే తనూ బాలమణిని అక్కా అంటాడు. కిందికి దిగి ఆమె ముఖం చూడలేక కీచైను వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. వెనక తలుపు తీయగానే వాసన బయటికి వచ్చింది. శవం వాసన బాలమణికి తెలుసు. ఇది ఒట్టి శవం వాసన కాదు. ముక్కులో గుచ్చుకునే మందు వాసన, కళ్లలో నీళ్లు తెప్పించేది, అందులో కలిసి ఉంది. తెల్లబట్టలవాళ్లు వెనక్కి జరిగారు. శ్రవణ్ శాలువా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని మరో చేత్తో కానీయండి కానీయండి అని సైగ చేశాడు. మహిమ గురించి గంటలు గంటలు చెప్పే నోరు, మనిషి వాసనకు మూతపడిపోయింది. ఛీ!

"కుతుబ్, పెట్టె కిందికి దించు. మేకులు తియ్యి," అంది బాలమణి.

"బాలమణీ!" జనార్ధన్ గొంతు లేచింది. "ఏం సర్కస్ పెట్టినవ్? దించి గుంతల పెట్టున్రి రా, సక్కగ!"

కుతుబుద్దీన్ జనార్ధన్‌ను చూశాడు, అక్కను చూశాడు. ఆ బండి కూడా జనార్ధన్ చుట్టానిదే. కీచైను జేబులో పెట్టుకున్నాడు. "పటేల్ సాబ్, మా ఇంట్ల ఎవరన్న పోతె ఒళ్లు కడిగి గుసుల్ ఇయ్యకుండ మట్టి ఇయ్యం. అమ్మ అడుగుతాంది. నేనెట్ల కాదంట?" అని పెట్టె కిందికి దింపించి, బండిలోంచి జాకీ రాడ్డు తెచ్చి మూత కింద దూర్చాడు. ఇత్తడి కడ్డీల పెట్టె, పైకి అంత మెరుపు గానీ, లోపల పుల్లచెక్క. ఫట్‌మని ఊడిపోయింది.

ప్లాస్టిక్ కవరు, దాని లోపల తెల్లగుడ్డ. కుతుబుద్దీన్, ఇంకో ఇద్దరు మగవాళ్లు పట్టి బయటికి తీసి నేల మీద పడుకోబెట్టారు. బాలమణి చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల మీద కూర్చుంది. గుడ్డ విప్పి, ఎప్పటిలాగే ముఖం దగ్గర మొదలుపెట్టింది. ముఖం ఒక పక్కన ఎర్రగా ఉడికినట్టుంది. ఆమె చెయ్యి ఆగలేదు. "ఇటు తిరుగు కొడుకా. మంటగున్నదా? అయిపాయె, అయిపాయె." మెడ కడిగింది. కుడిచేతిని నీళ్లలోకి తీసుకుంది. మోచేతి దాకా తోలు ఊడి వచ్చి ఉంది. వేళ్ల సందుల్లో గుడ్డ పెట్టబోయి, అక్కడ ఆగింది.

గోళ్లు లేవు. రెండు వేళ్లకు అసలు లేవు, మిగతావి సగానికి విరిగి, చివర్లలో పచ్చరంగు పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి. ఎడమచెయ్యి కూడా అంతే. ఇనుప ట్యాంకు లోపలి గోడను గీరిన చేతులు అవి. పైకి ఎక్కడానికి గీరాడు, పైన ఎవరైనా ఉన్నారేమో అని గీరాడు. ఎవరూ లేరు. లేదా ఉండి చూశారు.

అప్పటిదాకా మెల్లగా మోగుతున్న కీబోర్డు ఆగిపోయింది. ఎవరూ ఆపమని చెప్పలేదు.

బాలమణి లేవలేదు. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని శ్రవణ్ వైపు తల ఎత్తింది. "ఇటు రా బిడ్డా. దగ్గరికి రా. గీ చొక్కా జర సూడు."

"అమ్మా... రాకేష్ ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉన్నాడమ్మా," అన్నాడు శ్రవణ్, శాలువా వెనక నుంచి. "పైకి వెళ్లిపోయినవాడి కోసం ఈ కొట్లాట ఎందుకు? దీన్ని మట్టికి అప్పగించేద్దాం."

"దీన్ని అనకు!" అని అరిచింది బాలమణి. వెంచరు గోడ అవతల పనిచేస్తున్న మేస్త్రీలు కూడా తల తిప్పి చూశారు. "వీడు నా కొడుకు. పైకి పోయిండంటున్నవ్. పోయిండు, దేవుడు సల్లగ సూస్తడు, కాదంటలేను. కానీ గంతటితోని అయిపోతె వీన్ని గీ గతి వట్టిచ్చినోళ్లకు ఎంత సుఖం రా! ఒళ్లు మట్టిల, ఆత్మ మేఘాలల్ల, లెక్క చెల్లు! గందుకే వాళ్లకు నీ పాట అంత తియ్యగున్నది. యేసు లేచినంక ఏం జేసిండు? చేతులు సూపిచ్చిండు! మేకుల తూట్లు మాపుకొని లేవలే. తూట్లతోనే లేచి, తోమా, ఏలు పెట్టి సూడు అన్నడు. నా కొడుకు గూడ గీ చేతులతోనే లేస్తడు. లేచి సూపిస్తడు. అప్పటిదాంక వీన్ని గుడ్డల చుట్టి దాస్తమంటరా? థూ, మీ నిరీక్షణ పాడువడ!"

శ్రవణ్ ముక్కు దగ్గరి చెయ్యి కిందికి దిగింది. శాలువా జారి మట్టిలో పడింది, తీసుకోవాలని కూడా అనిపించలేదు ఆయనకు.

జనార్ధన్ అప్పటికే ఫోన్ తీశాడు. తీస్తూనే రక్షిత వైపు వచ్చాడు, నవ్వు తెచ్చుకుని. "బిడ్డా, ముసలామెకు దుఃఖంతోని తలకాయ పనిచేస్తలేదు. నువ్వు చెప్పు. నీ బిడ్డ ముఖం సూడు. సోమవారం నేను చెప్పిన మాట యాదికున్నది గదా?"

రక్షిత అంతవరకూ గుంత పక్కన చంటిదాన్ని భుజాన వేసుకుని బొమ్మలా నిలబడి ఉంది. తోటకు వచ్చినప్పటి నుంచి ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఇప్పుడు చంటిదాన్ని, పక్కన తెల్లచీర కట్టుకుని ఉన్న ఒకామె చేతిలో పెట్టింది. వచ్చి అత్త పక్కన కూర్చుంది. బకెట్లోంచి చెంబుతో నీళ్లు తీసి రాకేష్ ఎడమచేతి మీద పోసింది, నెమ్మదిగా, పెచ్చులు కొట్టుకుపోకుండా. నీళ్లు కారిపోయాక ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టి పైకి ఎత్తింది.

"సార్, గీ చెయ్యి పట్టుకోన్రి."

"ఏంది?"

"గీ చెయ్యి పట్టుకొని చెప్పున్రి, గుండెపోటని. మీరు చెప్తె నేను నమ్ముత. ఇప్పుడే మట్టి ఇస్తం. సోమవారం నౌకరికి వస్త."

చేతిమీది తడి ఎండలో మెరుస్తోంది. జనార్ధన్ ఆ చేతిని చూశాడు. చూసినంతసేపు కూడా చూడలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అడుగు వెనక్కి వేశాడు. గొంతులోంచి డోకు వచ్చి, కండువాతో నోరు మూసుకుని ప్రహరీ దాకా పోయి వంగాడు. ఈత కొలను బొమ్మ కింద, అందరూ చూస్తుండగా, పొద్దున తాగిన చాయ్ కక్కుకున్నాడు.

తెల్లబట్టలవాళ్లలో ఒకామె గట్టిగా ఏడ్చింది. తర్వాత ఇంకొకామె. ఎప్పుడో చిన్నప్పుడు మానేసిన ఏడుపు, రాగం తీసి ఏడ్చే ఏడుపు, ఒకరి గొంతులోంచి ఒకరి గొంతులోకి పోయింది. లైవు పెట్టినతను ఫోన్ కిందికి దించబోయాడు. కుతుబుద్దీన్ ఆపాడు. "నడవనీ భాయ్. మంచిగ కనవడాలె చేతులు."

బాలమణి పాదాల దాకా కడగడం పూర్తిచేసింది. దవడకు పట్టీ కట్టింది, బొటనవేళ్లకు దారం కట్టింది. ముఖం తుడిచింది. కుతుబుద్దీన్, ఆ ఇద్దరు మగవాళ్లు పట్టి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టారు. మూత వేయబోతే రక్షిత వద్దంది. చేతులు రెండూ గుడ్డ పైన ఉంచింది. పెట్టెను అట్లాగే తిరిగి బండిలోకి ఎక్కించారు.

"అక్కా, ఎటు పోవాలె?" అన్నాడు కుతుబుద్దీన్ స్టీరింగు దగ్గర కూర్చుంటూ.

జవాబు రక్షిత ఇచ్చింది. "కంపెనీ గేటు కాడికి. పోలీసోళ్లకు గూడ ఆడికే రమ్మని ఫోన్ చేస్త. పెద్ద దవాఖానల కోసి చూసేదాంక మట్టి ఇయ్యం." చంటిదాన్ని తిరిగి తీసుకుని ముందు సీటులో ఎక్కింది.

బాలమణి వెనక, పెట్టె పక్కన, కింద కూర్చుంది. తలుపులు తెరిచే ఉంచమంది. బండి కదిలి రోడ్డెక్కాక, వెనకాల తెల్లబట్టలవాళ్లలో సగంమంది ఆటోలు వెతుక్కుంటూ, సగంమంది నడుస్తూ రావడం కనిపించింది. శ్రవణ్ ఇంకా గుంత దగ్గరే నిలబడి ఉన్నాడు.

అప్పటిదాకా ఆమె కళ్లలో చుక్క రాలేదు. కొడుకు చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆ వాసనకు ఆమెకు కూడా రోత పుట్టింది, దాచుకోలేదు. దేవుడి మీద కోపం వచ్చింది, అదీ దాచుకోలేదు. గొంతెత్తి, ఆ దారిలో పోయే కాలేజీ బస్సులన్నీ అద్దాలు దించి చూసేట్టు ఏడ్చింది.

"పండుకో నా కొడుకా, ఇగ లేచేదాంక పండుకో. లేచినంక నువ్వడుగు. అప్పటిదాంక నేనడుగుత."